హైస్కూలు పిల్లల ఇంగ్లీషు: వినడం, చదవడం ఎంతవరకు వచ్చో తేల్చుకునే పద్ధతి

తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇంగ్లీషులో 100కి 45 వచ్చాయనుకుందాం. ట్యూషన్ పెట్టించాలా, గ్రామరు పుస్తకం కొనాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. లోపం ఎక్కడుందో మాత్రం ఆ 45 చెప్పదు. ప్యాసేజీలోని మాటలను పోల్చుకోలేక ఆగిపోయాడా? మాటలు చదివినా భావం అందలేదా? భావం అందినా జవాబును ఇంగ్లీషులో రాయలేకపోయాడా? టీచరు నోటితో చెప్పిన సూచనే అర్థం కాలేదా? ఈ నాలుగూ వేర్వేరు ఇబ్బందులు. దేనికి చేయాల్సిన పని దానిదే.

బెంగళూరులోని తెలుగు ఇళ్ల పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆటల్లో హిందీయో తమిళమో, పుస్తకంలో ఇంగ్లీషు. 2015 నాటి కర్ణాటక చట్టం ప్రకారం బడిలో కన్నడాన్ని మొదటి భాషగానో రెండో భాషగానో నేర్చుకోవాలి. అందుకని చాలామంది పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, కానీ చదవలేరు, రాయలేరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్ల నుంచి వచ్చే పిల్లలకూ, రాయలసీమ నుంచో పాలమూరు నుంచో భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలకూ ఇంగ్లీషు వినే అవకాశాల్లో చాలా తేడా ఉంటుంది. అయినా ఇద్దరినీ ఒకే ప్రశ్నపత్రంతో కొలిచి ఒకే అంకె చేతిలో పెడుతున్నాం.

నేను ఇంగ్లీషు టీచర్లకూ, పిల్లల చదువును దగ్గరుండి చూసుకునే తల్లిదండ్రులకూ గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. వినడాన్నీ చదవడాన్నీ పక్కపక్కన పెట్టి కొలవండి. ఆ రెండు మార్కుల మధ్య ఉన్న తేడాయే మనకు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. అదే పిల్లల చేత విన్నదాన్నీ చదివినదాన్నీ తెలుగులో చెప్పిస్తే మిగతా చిక్కు కూడా విడిపోతుంది.

దీని వెనుక ఒక పాత సూత్రం ఉంది. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని రెండు శక్తుల లబ్ధంగా చూపించారు. మొదటిది, అచ్చులోని అక్షరాలను మాటలుగా పోల్చుకోవడం. రెండోది, ఆ మాటలను ఎవరైనా చెబితే విని అర్థం చేసుకోగలగడం. లబ్ధం కనుక రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన సూత్రమిది. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషును చెవికంటే ముందు కంటితో నేర్చుకుంటారు. కాబట్టి మన దగ్గర చదవడం బాగుండి వినడం వెనకబడటం కూడా తరచుగా కనిపిస్తుంది. రెంటినీ కొలవాల్సిన అవసరం ఇక్కడ ఇంకా ఎక్కువ.

మొదటి అడుగు: ఎందుకు కొలుస్తున్నారో తేల్చుకోండి

మార్కుల కోసం పెట్టే పరీక్ష వేరు, లోపం కనుక్కోవడానికి పెట్టే పరీక్ష వేరు. సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషులో 80 మార్కుల రాతపరీక్ష ఉంటే అందులో చదవడానికి 20 మార్కులు. 400 నుంచి 450 మాటల ప్యాసేజీ ఒకటి, పట్టికో చిత్రమో జతచేసిన 200 నుంచి 250 మాటల ప్యాసేజీ ఒకటి ఇస్తారు. వినడానికి అంతర్గత మార్కుల్లో ఒక చిన్న వాటా మాత్రమే దక్కుతుంది. మార్కులు తక్కువ కనుక బడిలో దానికి దొరికే సమయమూ తక్కువే.

ఇక్కడ చెబుతున్నది లోపం కనుక్కునే పరీక్ష. దీని మార్కులను ప్రోగ్రెస్ కార్డులో వేయకండి. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. మార్కులు పడతాయని తెలిస్తే పక్కవాడి పేపరు చూస్తారు, తెలియనిదాన్ని తెలిసినట్టు దాటేస్తారు. అప్పుడు మీకు అక్కరకు వచ్చే సమాచారమే చేజారిపోతుంది.

రెండో అడుగు: ఒకే స్థాయి ప్యాసేజీలు రెండు

పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే. ఇక్కడ తొందరపడితే తర్వాత వచ్చే అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

సులువైన ప్యాసేజీ వినిపించి, కఠినమైన ప్యాసేజీ చదివించి, ఆ రెండు మార్కులను పోల్చడంలో అర్థం లేదు. అందుకని ఒకే స్థాయి ప్యాసేజీలు రెండు తీసుకోండి. ఉదాహరణకు ఒకటి లాల్‌బాగ్ తోటకు బడి పిల్లల ప్రయాణం గురించి, రెండోది బసవనగుడిలో కార్తికమాసం చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర గురించి అనుకుందాం. తరగతిని రెండు జట్లు చేయండి. మొదటి జట్టు లాల్‌బాగ్ ప్యాసేజీ వింటుంది, పరిషె ప్యాసేజీ చదువుతుంది. రెండో జట్టు పరిషె వింటుంది, లాల్‌బాగ్ చదువుతుంది. ఒక ప్యాసేజీ కాస్త సులువైనా తరగతి మొత్తం మీద ఆ తేడా సర్దుకుపోతుంది. ఒక్కొక్క పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం 10 మార్కుల్లో ఒకటి రెండు తేడాను లెక్కలోకి తీసుకోకండి. మూడు, అంతకు మించి ఉంటేనే ఆలోచించండి. అప్పుడు కూడా ఇంకో జత ప్యాసేజీలతో సరిచూసుకోండి.

స్థాయి చూడటానికి వాక్యాల పొడవు, కొత్త మాటల సంఖ్య గమనించండి. కంప్యూటర్‌లో టైపు చేస్తే పాఠం ఎంత కఠినమో చెప్పే ఫ్లెష్–కింకేడ్ అంకెను వర్డ్ ప్రోగ్రామే చూపిస్తుంది. రెండు ప్యాసేజీలకూ ఆ అంకె దగ్గరదగ్గరగా ఉండాలి. అంతకంటే నమ్మదగిన పద్ధతి ఇంకోటి ఉంది. తరగతిలో మధ్యస్థంగా చదివే పిల్లలు నలుగురికి ప్యాసేజీ ఇచ్చి, తెలియని మాటల కింద గీత గీయమనండి. ఇతరుల సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే పాఠంలో దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో చూపించారు. అంటే 50 మాటలకు ఒక్క కొత్త మాట. పరీక్ష కనుక కొంచెం బిగించవచ్చు. 20 మాటలకు ఒకటి కంటే ఎక్కువ గీతలు పడితే మాత్రం ఆ ప్యాసేజీని పక్కన పెట్టండి.

వినిపించే పాఠం మాట్లాడినట్టు ఉండాలి. పుస్తకంలోని పొడుగు వాక్యాలను బిగ్గరగా చదివి వినిపిస్తే అది చదవడానికి రాసిన పాఠమే అవుతుంది. టీచరు పిల్లలతో ప్రయాణం గురించి చెబుతున్నట్టు రాయండి. బస్సు ఎనిమిదింటికి అని మొదలుపెట్టి, కాదు కాదు, ట్రాఫిక్ వల్ల ఏడున్నరకే బయలుదేరదాం అని సవరించుకోవాలి. ఒక విషయం రెండుసార్లు రావాలి. అదే కథను చదివించేటప్పుడు ఆ సవరింపులను తీసేసి, విషయం మారకుండా గద్యంగా తిరగరాయండి. వినిపించేది 200 నుంచి 250 మాటలు చాలు. చదివించేది 300 దాకా పోవచ్చు.

ప్యాసేజీల కోసం వెతుక్కునేవారికి ఒక మంచి వనరు ఈ ఊళ్లోనే పుట్టింది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో ఎన్నో కథలు ఇంగ్లీషు, కన్నడం, తెలుగు భాషల్లో స్థాయులవారీగా ఉచితంగా దొరుకుతాయి. హైస్కూలు పిల్లల్లో బాగా వెనకబడినవారికి పై స్థాయుల కథలు సరిపోతాయి.

మూడో అడుగు: ప్రశ్నలు రాయడం

ఒక్కో ప్యాసేజీకి పది ప్రశ్నలు పెట్టండి. మూడు నాలుగు నేరుగా కనిపించే విషయం మీద, ఇంకో మూడు ప్రశ్నలు, రెండు చోట్ల ఉన్న విషయాలను కలిపితే తేలేవి, రెండు మూడు పైకి చెప్పకుండా సూచించినవి, ఒకటి సందర్భాన్ని బట్టి కొత్త మాట అర్థాన్ని ఊహించేది.

లాల్‌బాగ్ ప్యాసేజీనే తీసుకుందాం. బస్సు చివరికి ఎన్నింటికి బయలుదేరుతుంది అన్నది నేరుగా కనిపించే విషయమే. అయినా సవరింపు ఉంది కాబట్టి మొదటి సమయాన్నే పట్టుకున్న పిల్లవాడు ఎనిమిది అంటాడు. ఆ తప్పు జవాబు, అతడు మాటలు వింటున్నాడు కానీ మాట నడకను వెంబడించలేకపోతున్నాడని చెబుతుంది. ప్లాస్టిక్ సీసాలు వద్దని ఒక చోట, తాగునీరు తప్పనిసరి అని మరో చోట ఉంటే, పిల్లలు ఏం తెచ్చుకోవాలి అన్నది కలిపి చూసే ప్రశ్న. టీచరు గొడుగు మాట రెండుసార్లు ఎత్తింది, ఆమె భయం ఏమిటి అన్నది సూచనను పట్టుకునే ప్రశ్న. తప్పు జవాబులు కూడా మనకు సమాచారం ఇచ్చేలా ప్రశ్న రాయాలి. పరీక్ష తయారీలో నాకు అన్నిటికంటే విలువైన పని ఇదే అనిపిస్తుంది.

రాసిన ప్రశ్నలను ఒకసారి వడకట్టండి. ప్యాసేజీ ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఇంకో సెక్షన్ పిల్లలు కొందరికి ఇచ్చి చూడండి. లాల్‌బాగ్ పూల ప్రదర్శన ఏ రోజుల చుట్టూ జరుగుతుందని అడిగితే, గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం అని ఈ ఊరి పిల్లలు ఏమీ చదవకుండానే రాస్తారు. నిరుడు ఊరి నుంచి వచ్చిన పిల్ల రాయలేదు. అది ఇంగ్లీషును కొలిచే ప్రశ్న కాదు, బెంగళూరులో ఎన్నాళ్లుగా ఉంటున్నారో కొలిచే ప్రశ్న. అలాంటివి తీసేయండి.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు పది పెడితే, కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా సగటున రెండున్నర మార్కులు వస్తాయి. కాబట్టి మూడు మార్కులు వచ్చిన పిల్లకు ఏమైనా వచ్చో రాదో ఆ మూడు చెప్పలేదు. సగం ప్రశ్నలైనా ఒకటి రెండు మాటల్లో రాసే జవాబులుగా ఉంచండి. ప్రశ్నల భాష ప్యాసేజీ భాష కంటే సులువుగా ఉండాలి. వీలైతే ప్రశ్నలను కన్నడంలోనో తెలుగులోనో కూడా చదివి వినిపించండి. మనం కొలుస్తున్నది ప్యాసేజీ అర్థమైందా అన్నది. ప్రశ్న అర్థమైందా అన్నది వేరే సంగతి.

నాలుగో అడుగు: వినే పరీక్ష నడపడం

టీచరు అప్పటికప్పుడు చదివి వినిపిస్తే ఒక సెక్షన్‌కు నెమ్మదిగా, మరో సెక్షన్‌కు వేగంగా పోతుంది. ముఖకవళికలే సగం జవాబు చెప్పేస్తాయి. ఫోనులో రికార్డు చేసి స్పీకరుకు కలపండి. గొంతు పిల్లలకు అలవాటైన మన ప్రాంతపు ఉచ్చారణలో ఉంటే చాలు. విదేశీ ఉచ్చారణతో పరీక్షిస్తే అది మరో పరీక్ష అవుతుంది.

మామూలు సంభాషణ వేగం నిమిషానికి 150 మాటలకు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిదో తరగతికి 110 నుంచి 120, పదో తరగతికి 130 నుంచి 140 దగ్గర మొదలుపెట్టమని నా సలహా. నెమ్మదిగా అంటే ఒక్కో మాటను సాగదీయడం కాదు. మాట సహజంగానే ఉండాలి, పదబంధాల మధ్య విరామం పెరగాలి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో విదేశీ శ్రోతల కోసం మొదలుపెట్టిన ప్రత్యేక ఇంగ్లీషు ప్రసారాలు మామూలు వేగంలో మూడింట రెండు వంతులతో, సుమారు 1500 మాటల పదసంపదతో నడిచాయి. నేర్చుకునేవారికి ఎలా మాట్లాడాలో ఆ రికార్డింగులు వింటే తెలుస్తుంది.

రికార్డు చేశాక ఖాళీ తరగతిలో చివరి బెంచీలో కూర్చుని మీరే వినండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్క బడుల్లో హారన్ల మోత సగం మాటలను మింగేస్తుంది. ఉదయం మొదటి పీరియడ్ ఎంచుకోండి, కిటికీలు మూయండి, ఫ్యాన్లు తగ్గించండి. ఏ పిల్ల ఎక్కడ కూర్చుందో రాసిపెట్టుకోండి. వెనక వరుస వాళ్లందరికీ మార్కులు తగ్గితే తప్పు పిల్లలది కాదు, స్పీకరుది.

ప్రశ్నపత్రం ముందే ఇచ్చి రెండు నిమిషాలు చదువుకోనివ్వండి. ఎందుకు వింటున్నామో తెలియకుండా వినడం నిజజీవితంలో చాలా అరుదు. రికార్డును రెండుసార్లు వినిపించండి. మొదటిసారి విన్నాక పెన్సిలుతో, రెండోసారి విన్నాక పెన్నుతో రాయించండి. రెండోసారికి జవాబులు బాగా మెరుగుపడిన పిల్లకు భాష తెలుసు, వేగమే అడ్డు. రెండోసారి కూడా ఏమీ మారకపోతే భాషే అందలేదు. ఇంత పెద్ద తేడాను పెన్సిలు, పెన్ను రెండూ కలిసి తేల్చిపెడతాయి. ప్రశ్నలు వినిపించే వరుసలోనే ఉండాలి. చిత్తుగా రాసుకోవడానికి కాగితం ఇవ్వండి, లేకపోతే జ్ఞాపకశక్తిని కొలిచినవాళ్లమవుతాం.

చివర పది నిమిషాలు ఖాళీల డిక్టేషన్ పెట్టండి. ఎనిమిది వాక్యాలు అచ్చు వేసి, అక్కడక్కడ ఒకటి రెండు మాటలు ఖాళీగా వదిలి, పూర్తి వాక్యాలు వినిపిస్తారు. సగం ఖాళీలు అర్థాన్ని మోసే బరువైన మాటలవి, సగం ఆఫ్, హ్యాజ్, బీన్ లాంటి చిన్న మాటలవి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాటలు హల్లులతో ముగిసి పక్క మాటతో అతుక్కుపోతాయి. అందుకని భూతకాలం చివరి డ కారం, బహువచనం చివరి స కారం, కెన్ – కాంట్ తేడా, ఫిఫ్టీన్ – ఫిఫ్టీ తేడా మన పిల్లల చెవి నుంచి జారిపోతుంటాయి. బరువైన మాటలన్నీ పట్టుకుని చిన్న మాటలన్నీ వదిలేసిన పిల్లకు పదసంపద చాలు, అతుక్కున్న మాటలను విడదీయడమే నేర్పాలి. స్పెల్లింగు తప్పినా విన్న మాట అదేనని తెలిస్తే మార్కు ఇవ్వండి.

ఐదో అడుగు: చదివే పరీక్ష

మొదట మౌనంగా చదవనివ్వండి. 300 మాటల ప్యాసేజీ, పది ప్రశ్నలకు 20 నిమిషాలు సరిపోతాయి. గంట కొట్టేసరికి పూర్తి చేయనివారు ఎక్కడ ఆగారో అక్కడ గీత గీయమనండి, తర్వాత ఇంకో పది నిమిషాలు ఇవ్వండి. నెమ్మదిగా చదివినా సరిగ్గా అర్థం చేసుకునే పిల్లలు అప్పుడు బయటపడతారు. గడియారం ఒక్కటే కొలతైతే ఆ పిల్లలు జీవితాంతం తమకు ఇంగ్లీషు రాదనుకుంటారు. వారికి ఆ అన్యాయం జరగకూడదు.

రెండో కొలతగా క్లోజ్ పరీక్ష వాడవచ్చు. విల్సన్ టేలర్ 1953లో దీన్ని ప్రవేశపెట్టారు. మొదటి వాక్యం, చివరి వాక్యం అలాగే ఉంచి మధ్యలో ప్రతి ఏడో మాటనూ తీసేసి ఖాళీలు పూరించమంటారు. తయారీ సులువు, అర్థంతో పాటు వాక్యనిర్మాణం మీద పట్టు కూడా తెలుస్తుంది. మన పిల్లల విషయంలో సరిగ్గా అదే మాట రాయాలని పట్టుబట్టకండి, సందర్భానికి పొసిగే మాట ఏదైనా ఒప్పుకోండి.

మౌన పఠనంలో సగం కంటే తక్కువ తెచ్చుకున్నవారిని ఒక్కొక్కరినీ విడిగా, మిగతావారికి వినపడని చోట కూర్చోబెట్టి ఒక నిమిషం బిగ్గరగా చదివించండి. తరగతి ముందు నిలబెట్టి చదివించడం పరీక్ష కాదు, శిక్ష. మీ దగ్గర ఇంకో ప్రతి ఉంచుకుని తప్పులు గుర్తించండి. ఒక మాటకు బదులు ఇంకోటి చదవడం, మాట వదిలేయడం, మూడు సెకన్లు ఆగిపోతే మీరు అందించాల్సి రావడం, ఇవి తప్పులు. తనంతట తాను దిద్దుకుంటే తప్పు కాదు. తెలుగు యాస కూడా తప్పు కాదు. జూ, వెస్ట్ లాంటి మాటలు మన నోట్లో ఎలా పలికినా, పిల్ల సరైన మాటనే పోల్చుకుందా అన్నదే చూడాలి.

నిమిషంలో 120 మాటలు చదివి 9 తప్పులు చేస్తే సరిగ్గా చదివినవి 111, అంటే 92.5 శాతం. ఎమ్మెట్ బెట్స్ 1946లో చెప్పిన కొలత ప్రకారం 95 శాతం దాటితే టీచరు సాయంతో ఆ స్థాయి పాఠం చదవగలరు. 90 కంటే తగ్గితే ఆ పాఠం నిరాశ మాత్రమే మిగులుస్తుంది. 92.5 వచ్చిన పిల్లకు ఒక మెట్టు కింది పాఠం ఇచ్చి మళ్లీ చూడండి.

బిగ్గరగా చదవగలగడాన్ని అర్థం చేసుకోవడంగా లెక్కించకండి. గ్రామీణ ప్రాంతాల్లోని 14–18 ఏళ్ల వారి మీద జరిగిన ఏసర్ (విద్యాస్థితి నివేదిక) 2023 సర్వేలో 57.3 శాతం మంది ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగారు. అలా చదివినవారిలో అర్థం చెప్పగలిగినవారు దాదాపు నాలుగింట మూడు వంతులే. గడగడా చదివే పిల్ల దగ్గర మన జాగ్రత్త సడలిపోతుంది. ఆమెకు ఏమి అందిందో అడగడమే మరిచిపోతాం.

ఆరో అడుగు: తెలుగులో చెప్పించడం

సాధారణంగా పరీక్షల్లో ఎవరూ చేయని పని ఇది. ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించగలరంటే ఇదే పాటించండి.

ప్యాసేజీలోని విషయాలను ముందుగా పన్నెండు చిన్న ముక్కలుగా రాసిపెట్టుకోండి. బస్సు ఏడున్నరకు, ట్రాఫిక్ కారణం, ప్లాస్టిక్ సీసాలు వద్దు, ఇలా. పిల్లను కూర్చోబెట్టి, పేపరు తీసేసి, "ఇప్పుడు చదివింది నాకు తెలుగులో చెప్పమ్మా, నీకు ఎలా వస్తే అలా చెప్పు" అనండి. మధ్యలో కన్నడం మాటలు, ఇంగ్లీషు మాటలు దొర్లినా పట్టించుకోకండి. మీరు మాట్లాడాల్సింది రెండే మాటలు: "ఇంకా?", "తర్వాత?" ఆమె చెప్పిన ప్రతి ముక్కకూ మీ కాగితం మీద గుర్తు పెట్టండి. చెప్పడం పూర్తయ్యాక, మిగిలిన ముక్కల గురించి ఒక్కో ప్రశ్న అడిగి, వచ్చిన జవాబుకు వేరే గుర్తు పెట్టండి. రాయించకండి, తెలుగు లిపి రాని పిల్ల అక్కడ మరోసారి ఓడిపోతుంది.

టీచరుకు తెలుగు రాకపోతే తెలుగు తెలిసిన ఇంకో టీచరు సాయం తీసుకోవచ్చు. బెంగళూరు బడుల్లో అలాంటివారు దొరకడం కష్టం కాదు. తోటి విద్యార్థిని మాత్రం దుబాసీగా కూర్చోబెట్టకండి. తనకు ఏమి అర్థం కాలేదో స్నేహితురాలి ముందు ఒప్పుకోవడం పద్నాలుగేళ్ల పిల్లకు చాలా కష్టం.

ఇంగ్లీషులో రాసిన జవాబులకు 10కి 3 వచ్చి, తెలుగులో పన్నెండు ముక్కల్లో తొమ్మిది చెప్పిందంటే ఆమె చదవగలదు. ఆమెకు రాయడం నేర్పాలి. ఇన్నాళ్లూ ఆమె చేత అన్‌సీన్ ప్యాసేజీలు చేయిస్తూ వచ్చి ఉంటే ఆ శ్రమంతా వేరే చోట పడిందన్నమాట.

ఏడో అడుగు: మార్కులు వేయడం, ప్రశ్నలను పరీక్షించడం

దిద్దడానికి ముందే ప్రతి ప్రశ్నకూ ఏయే జవాబులు ఒప్పుకుంటారో రాసుకోండి. మొదటి పది పేపర్లను ఇద్దరు టీచర్లు విడివిడిగా దిద్ది సరిచూసుకోండి. తేడా వచ్చిన చోటల్లా ముందు దిద్దే పద్ధతిని సవరించుకోవాలి.

తరువాత ప్రశ్నల వంతు. 40 మంది తరగతిలో మొత్తం మార్కుల ప్రకారం పై 11 మందినీ కింది 11 మందినీ వేరు చేయండి. ఇది దాదాపు 27 శాతం, పరీక్షల విశ్లేషణలో చాలాకాలంగా వాడుతున్న వాటా. ఒక ప్రశ్నకు పై జట్టులో 9 మంది, కింది జట్టులో 4 మంది సరిగ్గా రాశారనుకోండి. మొత్తం 22 మందిలో 13, అంటే 0.59, ప్రశ్న మధ్యస్థంగా ఉంది. తేడా 5ను 11తో భాగిస్తే 0.45, ప్రశ్న పిల్లలను చక్కగా విడదీస్తోంది. ఈ రెండో అంకె 0.2 కంటే తగ్గితే ప్రశ్నను తిరగరాయండి. కింది జట్టే ఎక్కువగా సరిగ్గా రాసిందంటే ప్రశ్నలోనో, మీరు సరైనదనుకున్న జవాబులోనో తప్పు ఉంది.

ఎనిమిదో అడుగు: రెండు మార్కులనూ పక్కపక్కన పెట్టి చూడటం

విన్నది బాగా అర్థమై, చదివింది అందని పిల్లకు భాష ఉంది, అచ్చు అక్షరమే అడ్డు. ఇంగ్లీషు టీవీ బాగా చూసే పిల్లల్లో ఇలా కనిపించవచ్చు. రోజూ పది నిమిషాలు పెద్దవారి పక్కన కూర్చుని బిగ్గరగా చదవడం, పొడుగు మాటలను ముక్కలుగా విడగొట్టి పలకడం చేయించాలి. కన్నడం చదవడంలో కూడా ఇదే ఇబ్బంది ఉందా అని ఆ టీచరును తప్పక అడగండి. రెండు లిపుల్లోనూ ఏళ్ల తరబడి కష్టపడుతుంటే అభ్యసన వైకల్యం ఉందేమో నిపుణులకు చూపించాలి. బెంగళూరులోనే ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఆ పరీక్ష చేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ వైకల్యాన్ని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం దొరుకుతుంది. ఈ సంగతి తెలియక నష్టపోయే కుటుంబాలు చాలా ఉంటాయి, కాబట్టి చెప్పండి.

చదవడం బాగుండి వినడం వెనకబడితే, ముందుగా ఆ పిల్ల తెలుగు, కన్నడం మాటలు కూడా మళ్లీ మళ్లీ అడుగుతుందేమో కనుక్కోండి. అడుగుతుంటే చెవుల పరీక్ష చేయించాలి. లేకపోతే సాధన సులువే. తెలిసిన పాఠాన్నే అచ్చు చూస్తూ వినడం, ఆ తర్వాత చూడకుండా వినడం, ఆకాశవాణి ఇంగ్లీషు వార్తల్లో రోజూ ఒక వార్త విని తెలుగులో చెప్పడం. నమ్మ మెట్రోలో కన్నడం తర్వాత ఇంగ్లీషులో వచ్చే ప్రకటనలు కూడా పనికొస్తాయి. ముందు కన్నడంలో అర్థం తెలుస్తుంది, తర్వాత చెవి ఇంగ్లీషును పట్టుకుంటుంది.

రెండూ తక్కువగా ఉంటే పదసంపద, వాక్యాల అలవాటు పెరగాలి. ఆ పిల్లకు తరగతి పాఠ్యపుస్తకం ఇప్పుడు పనికిరాదు. రెండు మూడు మెట్లు కిందికి దిగి, ముందు తెలుగులోనో కన్నడంలోనో తెలిసిన కథను ఇంగ్లీషులో చదివించాలి. రెండూ బాగుండి రాతలో మార్కులు తగ్గితే ఏం చేయాలో పైనే చెప్పాను.

తొమ్మిదో అడుగు: తల్లిదండ్రులకు చెప్పడం

అంకెతో మొదలుపెట్టకండి. "మీ పాప చదివింది బాగా అర్థం చేసుకుంటోందండీ. ఎవరైనా గబగబా మాట్లాడితే మాటలు విడివిడిగా అందడం లేదు. రోజూ పావుగంట ఇలా చేయించండి" అని చెప్పండి. ఇంగ్లీషు రాని తల్లి ఈ పనిలో ఏం చేయగలనని వెనక్కి తగ్గుతుంది. విన్నదాన్ని కూతురి చేత తెలుగులో చెప్పించుకుని, "తర్వాత?" అని అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదని ఆమెకు తెలియజేయండి.

పరీక్షను బడి తెరిచిన కొత్తలో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి పెట్టండి. రెండోసారి కొత్త జత ప్యాసేజీలు వాడండి, అవి మొదటి జతంత కఠినంగానే ఉండాలి. వాడిన ప్రశ్నపత్రాలు, రికార్డింగులు వాట్సాప్‌లోకి పోనివ్వకండి. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం పెట్టి, వినడం, చదవడం, తెలుగులో చెప్పడం అని మూడు గడుల్లో తేదీతో రాసుకుంటూ పోతే, పై తరగతిలో ఆమెను అందుకునే టీచరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ కాగితం చూసి తెలుసుకోగలరు.